ఆన్‌లో ఉన్న స్విచ్‌ని ఏది పట్టి ఉంచుతోంది?

(ఒక ఇంజినీరింగ్ కాలేజీ రాకెట్రీ క్లబ్బులో చేసిన ప్రసంగం. చివర్లో విద్యార్థులు అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినపడుతోందా? సరే.

రాకెట్ ఎలక్ట్రానిక్స్ గురించి మాట్లాడమన్నారు. అది ఒక గంటలో తేలేది కాదు. అందుకని అందులో అన్నిటికన్నా చౌకైన భాగం ఒకటే తీసుకుంటాను. బ్యాటరీకీ ఆల్టిమీటర్‌కీ మధ్య ఉండే పవర్ స్విచ్. మీ డిజైన్ రిపోర్టు చూశాను, బాగుంది. మోటార్‌కి బోలెడు పేజీలున్నాయి, ఫిన్లకి, అంటే తోక రెక్కలకి, రంగురంగుల సిమ్యులేషన్లున్నాయి. స్విచ్ దగ్గరకి వచ్చేసరికి మాత్రం "టాగుల్ స్విచ్, 2 నంబర్లు" అని ఒక్క లైను. టాగుల్ అంటే పుల్లని అటూ ఇటూ పడేసే స్విచ్. ఇవాళ మనం మాట్లాడుకునేది ఆ ఒక్క లైను గురించే.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక నిమిషం. మనం వదిలే రాకెట్ కిలోమీటరు పైకి వెళ్తుంది. అక్కడ శిఖరం దగ్గర చిన్న పారాచూట్ తెరుచుకోవాలి. కిందికి దిగుతూ నేలకి ఓ 150, 200 మీటర్లున్నప్పుడు పెద్ద పారాచూట్ తెరుచుకోవాలి. ఈ రెండు పనులూ చేసేది ఆల్టిమీటర్ అనే చిన్న బోర్డు. గాలి పీడనం చూసి ఎత్తు లెక్క కట్టి, సమయానికి ఈ-మ్యాచ్‌లోకి, అంటే కరెంటుతో అంటుకునే అగ్గిపుల్ల లాంటిదానిలోకి, కరెంటు వదులుతుంది. ఈ-మ్యాచ్ మండితే ఎజెక్షన్ చార్జ్ అనే చిన్న మందు పొట్లం పేలుతుంది, రాకెట్ రెండుగా విడిపోతుంది, పారాచూట్ బయటికి వస్తుంది. ఆల్టిమీటర్‌కి పవర్ పోతే ఇవేవీ జరగవు. కిలోమీటరు ఎత్తు నుంచి ఊరికే పడే వస్తువు, గాలి అడ్డు లేదనుకుంటే, నేలని తాకేసరికి సెకనుకు 140 మీటర్ల వేగం అందుకుంటుంది. గాలి కొంత తగ్గించినా, కోసుగా ఉన్న ముక్కుతో కిందికి వచ్చే మూడు కిలోల గొట్టం అది. కింద మనుషులుంటారు.

కాబట్టి ఈ స్విచ్ మీద రెండు పనులు పెడుతున్నాం. అవి రెండూ ఒకదానికొకటి ఎదురు. నేల మీద, మన చేతుల్లో ఉన్నప్పుడు, అది పొరపాటున కూడా ఆన్ కాకూడదు. ఎజెక్షన్ చార్జ్ మొహం ముందు పేలితే చూపు పోతుంది. ఒకసారి ఎగిరాక, పొరపాటున కూడా ఆఫ్ కాకూడదు. వెయ్యోవంతు సెకను కూడా.

అమెరికాలో నాసా మార్షల్ కేంద్రం కాలేజీ జట్ల కోసం స్టూడెంట్ లాంచ్ అని పోటీ నడుపుతుంది. అలబామాలోని హంట్స్‌విల్‌లో. అక్కడ చదివే మన పిల్లల్లో ఎవరైనా ఆ జట్లలో ఉంటే వాళ్లకి ఈ నిబంధన తెలిసే ఉంటుంది: ప్రతి ఆల్టిమీటర్‌కీ దానిదైన మెకానికల్ స్విచ్ ఉండాలి, రాకెట్ ప్యాడ్ మీద నిలబడి ఉన్నప్పుడు దాన్ని బయట నుంచి ఆన్ చేయగలగాలి, ఆన్ చేశాక అది అదే స్థితిలో లాక్ అయి ఉండాలి. ఎగిరేటప్పటి బలాలకి ఆఫ్ కాకూడదు అని నిబంధనలోనే రాశారు. ఈ ఒక్క వాక్యం చదివాక రిపోర్టులో "టాగుల్ స్విచ్" అని రాసి ఊరుకోవడం కుదరదు.

స్విచ్ కొనేటప్పుడు మనం చూసేదేంటి? ఎన్ని వోల్టులు, ఎన్ని యాంప్‌లు. షాపువాడు కూడా అవే చెప్తాడు. రాకెట్‌కి ఈ రెండూ దాదాపు అనవసరం. మనది 9 వోల్టులు, మహా అయితే ఒకటి రెండు యాంప్‌లు. ఏ స్విచ్ అయినా సరిపోతుంది. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. స్విచ్ ఆన్‌లో ఉన్నప్పుడు లోపల రెండు లోహపు ముక్కలు తాకి ఉంటాయి. వాటిని ఒకదానికొకటి నొక్కి పట్టి ఉంచుతున్నది ఏది? స్ప్రింగా? పలచటి రేకు వంపా? ప్లాస్టిక్ రాపిడా? స్క్రూ మరా? ఆ నొక్కుడు బలం ఎంత? దీనికి జవాబు తెలిస్తే స్విచ్ ఎంపిక సగం అయిపోయినట్టే. నేను ఏ స్విచ్ చేతిలోకి తీసుకున్నా ముందు దీన్నే వెతుకుతాను. డేటాషీట్‌లో, అంటే తయారీదారు ఇచ్చే వివరాల కాగితంలో, దొరక్కపోతే ఒకటి కొని కటింగ్ ప్లయర్‌తో పగలగొట్టి చూస్తాను. ఇరవై రూపాయల స్విచ్, పగలగొట్టడానికి మొహమాటపడకండి.

ఇప్పుడు బలాల సంగతి. మూడు కిలోల రాకెట్, 400 న్యూటన్ల మోటార్ అనుకోండి. 400ని 3తో భాగిస్తే సెకను స్క్వేర్‌కి 133 మీటర్లు. అంటే లోపలి వస్తువులు తమ బరువుకి పదమూడున్నర రెట్లు బరువెక్కినట్టు ప్రవర్తిస్తాయి. పదమూడున్నర జీలు, ఒక జీ అంటే మామూలు భూమ్యాకర్షణ. టాగుల్ స్విచ్ పుల్ల రెండు గ్రాములుంటే, అది 27 గ్రాముల బరువుతో కిందికి లాగుతుంది. దాన్ని వేలితో కదపడానికి కావలసిన బలం అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే చాలామంది భయపడేట్టు, రాకెట్ లేవగానే పుల్ల టప్పున పడిపోయి ఆఫ్ అవడం అనేది అంత తేలిగ్గా జరగదు.

మరి సమస్య ఎక్కడ? పుల్ల కదలకుండానే లోపల కాంటాక్ట్ విడిపోవచ్చు. మోటార్ మండుతున్నప్పుడు పుట్టే కంపనం ఒకటి. రాకెట్‌ని నిటారుగా నడిపే లాంచ్ పట్టా మీద, దాని పక్కనుండే గైడ్ బటన్లు రాసుకుంటూ వెళ్లే దడదడ ఇంకొకటి. ధ్వని వేగం దగ్గర గాలి కొట్టే దెబ్బలు మరొకటి. వీటన్నిటినీ మించింది ఎజెక్షన్ చార్జ్ పేలుడు. స్విచ్‌కి అరచెయ్యి దూరంలో తుపాకిమందు పేలుతుంది. పైగా, పేలుడు తర్వాత పారాచూట్ తాడు బిగుసుకున్నప్పుడు మరో గుంజు. ఇవి కొద్ది మిల్లీసెకన్ల దెబ్బలు, కానీ మోటార్ తోపు కన్నా చాలా పదునైనవి, ఏ దిక్కు నుంచైనా వస్తాయి. ఇంకో తమాషా ఏంటంటే, మొదటి చార్జ్ దెబ్బకి స్విచ్ విడిపోతే నష్టపోయేది రెండో పారాచూట్. శిఖరం దగ్గర అంతా బాగానే జరిగింది, పెద్ద పారాచూట్ మాత్రం రాలేదు అని ఎవరైనా అంటే నేను ముందు స్విచ్‌నీ బ్యాటరీనీ చూపించమంటాను. పారాచూట్ మడతని తర్వాత చూద్దాం.

డేటాషీట్‌లో "వైబ్రేషన్ రెసిస్టెన్స్" అని ఒక లైను ఉంటుంది. చిన్న మైక్రోస్విచ్‌లకి, అంటే బటన్ కాస్త నొక్కితే టక్కున మారే స్విచ్‌లకి, సాధారణంగా ఏం రాస్తారంటే, 10 నుంచి 55 హెర్ట్జ్, 1.5 మిల్లీమీటర్ల డబుల్ యాంప్లిట్యూడ్. చూడటానికి గట్టిగానే ఉంది. లెక్క వేద్దాం. డబుల్ అంటే ఈ చివర నుంచి ఆ చివరకి, కాబట్టి మధ్య నుంచి 0.75 మిల్లీమీటర్లు. 55 హెర్ట్జ్‌ని 2π తో గుణించి, స్క్వేర్ చేసి, 0.75 మిల్లీమీటర్లతో గుణిస్తే దాదాపు 90 మీటర్లు సెకను స్క్వేర్‌కి. అంటే 9 జీలు. అదీ 55 హెర్ట్జ్ దగ్గర మాత్రమే. పది హెర్ట్జ్ దగ్గర అయితే ఒక జీలో మూడోవంతు కూడా లేదు. రాకెట్ కంపనం వందలు, వేల హెర్ట్జ్‌లలో ఉంటుంది. ఈ స్విచ్‌ని ఆ చోట ఎవరూ పరీక్షించనే లేదు. అదే షీట్ కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది: కాంటాక్ట్ ఒక మిల్లీసెకను లోపు విడిపోతే దాన్ని లోపంగా లెక్కించం అని. సైనిక అవసరాల స్విచ్‌లకి ఈ హద్దు 10 మైక్రోసెకన్లు ఉంటుంది. వాటిని పరీక్షించే అమెరికన్ మిల్-స్టాండర్డ్ 202లో 10 నుంచి 2000 హెర్ట్జ్ దాకా వెళ్లే పరీక్ష ఉంది. ఒక మిల్లీసెకనుకీ 10 మైక్రోసెకన్లకీ వంద రెట్ల తేడా, చూశారుగా. షీట్‌లో వైబ్రేషన్ లైను ఉంది కదా అని సంతోషపడకండి. ఎంత ఫ్రీక్వెన్సీ దాకా, ఎంతసేపు విడిపోతే తప్పుగా లెక్కిస్తున్నారు, ఈ రెండూ చదవండి.

ఒక మిల్లీసెకను కరెంటు పోతే ఏమవుతుంది అంటారా? చాలాసార్లు ఏమీ కాదు. ఆల్టిమీటర్ బోర్డు మీద కెపాసిటర్ ఉంటుంది, కరెంటుని కాస్త నిలవ ఉంచుకునే భాగం. బోర్డు 10 మిల్లీయాంప్‌లు తాగుతుందనుకోండి, కెపాసిటర్ 100 మైక్రోఫారడ్, రెండు వోల్టులు తగ్గినా పర్వాలేదు అనుకోండి. కెపాసిటర్‌ని వోల్టుల తగ్గుదలతో గుణించి కరెంటుతో భాగిస్తే 20 మిల్లీసెకన్లు. అంతసేపు నెట్టుకొస్తుంది. కానీ అదే క్షణంలో ఈ-మ్యాచ్ కాలుస్తోందనుకోండి. ఒక యాంప్ లాగుతుంది. పదిరెట్లు పెద్ద కెపాసిటర్, 1000 మైక్రోఫారడ్ పెట్టినా రెండు మిల్లీసెకన్లకే ఖాళీ. ఈ-మ్యాచ్ అంటుకునే క్షణం, చార్జ్ పేలే క్షణం, స్విచ్ కదిలే క్షణం దాదాపు ఒకేచోట కలుస్తాయి. మన దురదృష్టం కాదు, ఆ మూడింటికీ కారణం ఒకటే కాబట్టి.

వోల్టేజి ఇంకా కిందికి జారితే ప్రాసెసర్ రీసెట్ అవుతుంది. అది అన్నిటికన్నా పాడు పరిస్థితి. మళ్లీ లేచిన ఆల్టిమీటర్ తాను లాంచ్ ప్యాడ్ మీద ఉన్నాననుకుంటుంది. ఉన్న ఎత్తునే సున్నాగా రాసుకుంటుంది. బీప్‌లు కొట్టుకుంటూ, రాకెట్ ఎప్పుడు పైకి లేస్తుందా అని కాచుక్కూర్చుంటుంది. రాకెట్ మాత్రం కిందికి పడుతోంది. కొన్ని మోడళ్లు కాస్సేపు పవర్ పోయినా తట్టుకునేలా తయారుచేస్తారు, కొనేముందు ఆ అంకె చూడండి. కానీ దాన్ని నమ్ముకుని చెత్త స్విచ్ పెట్టకండి.

ఇక రకాలు. పుష్-ఆన్, పుష్-ఆఫ్ బటన్ వద్దు. లోపల చిన్న కొక్కెం, స్ప్రింగు ఉంటాయి, ఒక గట్టి దెబ్బ పడితే అది మన వేలో, పేలుడో దానికి తెలీదు. తాళంచెవి స్విచ్‌లు అందంగా ఉంటాయి, బరువెక్కువ, లోపల ఉండేది మామూలు స్ప్రింగ్ కాంటాక్టే. స్లైడ్ స్విచ్ చిన్న రాకెట్లలో నడుస్తుంది, రాకెట్ పొడవుకి అడ్డంగా పెట్టాలి. నిలువుగా పెట్టక తప్పకపోతే ఆన్ వైపు మోటార్ దిక్కుకి ఉండాలి, ఎందుకంటే లేచేటప్పుడు లోపలి భాగాలు ఆ వైపే తోసుకుంటాయి. మోటార్ ఆగిపోయిన వెంటనే గాలి అడ్డు వల్ల తోపు దిశ తిరగబడుతుందని మర్చిపోకండి. అందుకే అడ్డంగా పెట్టడమే మేలు.

రోటరీ స్విచ్ మంచి ఎంపిక. షుర్టర్ అని స్విట్జర్లాండ్ కంపెనీ ఉంది. వాళ్లు పాత పరికరాల వెనక 110 వోల్టులా, 220 వోల్టులా అని ఎంచుకోవడానికి స్క్రూడ్రైవర్‌తో తిప్పే స్విచ్ చేస్తారు. హాబీ రాకెట్లవాళ్లు దాన్ని ఎప్పట్నుంచో పవర్ స్విచ్‌గా వాడుతున్నారు. కారణం శుద్ధ ఫిజిక్స్. ఇరుసు చుట్టూ సమతూకంగా ఉన్న వస్తువుని సరళరేఖలో ఎంత తోసినా అది తిరగదు. తిరగాలంటే టార్క్ కావాలి, రాకెట్‌లో ఆ టార్క్ ఇచ్చేవాడు లేడు. పైగా అది పైకి పొడుచుకు రాదు, రాకెట్ గొట్టంలో ఒక రంధ్రం చాలు. లోపల కాంటాక్ట్ స్ప్రింగ్ మీదే ఉంటుంది కాబట్టి వణుకు పూర్తిగా పోదు. కానీ స్థితి మారదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది స్క్రూ స్విచ్. మిసైల్ వర్క్స్ లాంటి హాబీ కంపెనీలు అమ్ముతాయి, మీ ల్యాబ్‌లో మీరే చేసుకోవచ్చు కూడా. సర్క్యూట్ బోర్డు ముక్క మీద విడివిడిగా రెండు రాగి పలకలు, ఒకదానికి నట్టు సాల్డర్ చేసి ఉంటుంది. స్క్రూ బిగిస్తే రెండు పలకలూ కలుస్తాయి. అంతే, స్ప్రింగ్ లేదు, కదిలే రేకు లేదు. ఇందాకటి ప్రశ్న దీనికి వేయండి. ఏది నొక్కి పట్టి ఉంచుతోంది? మర. ఎంత బలంతో? మూడు మిల్లీమీటర్ల స్క్రూని చిన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా, 0.1 న్యూటన్ మీటర్ టార్క్‌తో బిగించినా, నొక్కుడు బలం 160 న్యూటన్ల దాకా వస్తుంది. పదహారు కిలోల బరువు. మైక్రోస్విచ్‌లో స్ప్రింగ్ ఇచ్చేది కొన్ని పదుల గ్రాములు. మీరు పెట్టిన కంపనానికి ఈ రెంటిలో ఏది ముందు విడిపోతుందో మళ్లీ చెప్పక్కర్లేదు.

కంపనానికి స్క్రూ వదులవుతుంది కదా అని వెంటనే అడుగుతారు. అవుతుంది, బస్సులోనో మోటార్ సైకిల్‌లోనో నెలల తరబడి ఊగితే. రాకెట్ మోటార్ మండేది రెండు మూడు సెకన్లు. గట్టిగా బిగించిన మర అంతలో విప్పుకోదు. ధైర్యం చాలకపోతే నైలాన్ రింగ్ ఉన్న నట్టు వాడండి. మర వదులు కాకుండా పూసే థ్రెడ్‌లాకర్ జిగురు మాత్రం వద్దు. అది కరెంటు వెళ్లే దారిలోకి పాకుతుంది, పైగా కొన్ని ప్లాస్టిక్‌లని పగుళ్లు తీయిస్తుంది.

స్క్రూ స్విచ్‌తో వచ్చే ఇబ్బంది వేరే. తిప్పుతున్నప్పుడు స్క్రూ పలకని గీరుకుంటూ కలుస్తుంది, విడిపోతుంది. ఆల్టిమీటర్ సగం బీప్ కొట్టి ఆగి మళ్లీ మొదలుపెడుతుంది. అప్పుడు పూర్తిగా వదులు చేసి, కెపాసిటర్ ఖాళీ అయ్యేదాకా ఆగి, మళ్లీ బిగించాలి. ఇంకో ఉచ్చు ఉంది. స్క్రూ పలకని కాస్త తాకగానే బీప్ వస్తుంది. ఎండలో, నిచ్చెన మీద, చెమటలు కారుతూ ఉన్నవాడికి ఆ బీప్ వినగానే హమ్మయ్య అనిపిస్తుంది, చెయ్యి తీసేస్తాడు. ఆ స్క్రూ తాకి ఉంది కానీ బిగిసి లేదు. బీప్ వచ్చాక ఇంకా బిగుసుకునేదాకా తిప్పాలి అని చెక్‌లిస్టులో రాసి పెట్టండి. ఎరుపు రంగులో రాయండి.

లాగే పిన్ను స్విచ్ చాలామందికి ఇష్టం, విమానాల్లో ఉన్నట్టు ఎర్ర రిబ్బన్ వేలాడుతుంది, ఫోటోల్లో బాగుంటుంది. దీంట్లో మైక్రోస్విచ్ వాడతారు. పిన్ను దూరి ఉన్నంతసేపూ బటన్‌ని నొక్కి ఉంచుతుంది, లాగేస్తే బటన్ పైకి వస్తుంది, పవర్ వస్తుంది. వైరింగ్ ఎన్‌సీ కాలి మీద చేయాలి, అంటే బటన్ నొక్కనప్పుడు కలిసి ఉండే కాలి మీద. అప్పుడు ఎగిరేటప్పుడు స్విచ్ పూర్తిగా వదిలేసిన స్థితిలో ఉంటుంది, ఎన్‌సీ కాంటాక్ట్ మీద స్ప్రింగ్ నొక్కుడు అప్పుడే గరిష్ఠంగా ఉంటుంది. బటన్ సగం దిగితే ఆ నొక్కుడు తగ్గుతూ పోయి, స్విచ్ తిరగబడే చోట సున్నా అవుతుంది. కాబట్టి పిన్ను లాగాక బటన్‌కి ఏదీ తగలకూడదు, గొట్టం గోడ కూడా. పొడుగు లీవర్ ఉన్న మోడల్ కొనకండి. ఆ రేకు తన బరువుతో తానే ఊగుతూ బటన్‌ని తడుతుంది. పాతకాలంలో ఇయర్‌ఫోన్ జాక్‌తో ఇదే పని చేసేవాళ్లు, ప్లగ్ లాగితే లోపలి రేకు కలిసేది. పనిచేస్తుంది. కానీ ఆ రేకు ఎంత పలచనో ఒకసారి చూడండి.

కాంటాక్ట్ లోహం గురించి కొంచెం. పెద్ద కరెంటు స్విచ్‌లలో వెండి కాంటాక్ట్‌లుంటాయి. వెండి మీద గాలిలోని గంధకంతో నల్లటి పొర కడుతుంది. ఎక్కువ కరెంటు వెళ్లే చోట ఆ పొర కాలిపోతుంది, ఇబ్బంది ఉండదు. మన ఆల్టిమీటర్ తీసుకునేది కొన్ని మిల్లీయాంప్‌లే, ఆ పొరని అది ఛేదించలేదు. టార్చిలైటు వెలగకపోతే అరచేత్తో ఒక్కటి చరుస్తాం చూడండి, అదే జబ్బు. పైగా మన చార్జ్‌లో తుపాకిమందు వాడితే దాని మసిలో గంధకపు లవణాలుంటాయి, తేమని పీల్చుకుంటాయి, ఎలక్ట్రానిక్స్ ఉన్న గదిలోకి ఎలాగోలా దూరతాయి. ఒక ప్రయోగం తర్వాత తుడవకుండా రెండు నెలలు షెల్ఫ్‌లో పెట్టిన స్విచ్‌ని నేను నమ్మను. బంగారు పూత ఉన్న కాంటాక్ట్ అయితే ఈ బెడద లేదు. బంగారు పూత స్విచ్ షీట్‌లో 0.4 వీఏ (వోల్టులని యాంప్‌లతో గుణించిన అంకె) గరిష్ఠం అని చూసి, ఒక యాంప్‌కి ఇది ఎలా ఆగుతుంది అని వదిలేసేవాళ్లున్నారు. ఆ హద్దు కరెంటు పారుతుండగా స్విచ్‌ని కలిపి విడదీసేటప్పటిది, నిప్పురవ్వ పూతని తినేస్తుందని. మనం ఆన్ చేసేటప్పుడు పారేది కొన్ని మిల్లీయాంప్‌లు. ఈ-మ్యాచ్ కాలేటప్పుడు కాంటాక్ట్ అప్పటికే కలిసి ఉంటుంది. అయినా ఆన్ చేయగానే ఖాళీ కెపాసిటర్ ఒక్క గుక్క పెద్ద కరెంటు లాగుతుంది, కాబట్టి కెపాసిటర్ మరీ పెద్దది పెట్టేవాళ్లు ముందు చిన్న రెసిస్టర్ ఒకటి వేసుకోండి.

ఇప్పటిదాకా స్విచ్ అని పేరున్న వస్తువు గురించే చెప్పాను. బ్యాటరీ హోల్డర్ కూడా స్విచ్చే, ఎవరూ కొనకుండానే వచ్చే స్విచ్. ఒక ఏఏ సెల్ 23 గ్రాములు. పదమూడున్నర జీల దగ్గర 310 గ్రాములు. స్ప్రింగ్ కింద ఉంటే సెల్ దాన్ని అణగదొక్కుతుంది, పైన కాంటాక్ట్ విడిపోతుంది. స్ప్రింగ్ పైన పెడితే లేచేటప్పుడు బాగుంటుంది, మోటార్ ఆగాక తోపు తిరగబడుతుంది, అప్పుడు కింద విడిపోతుంది. అడ్డంగా పెట్టండి, లేదా హోల్డరే మానేసి ట్యాగులు, అంటే లోహపు పట్టీలు, వెల్డ్ చేసిన సెల్‌లు, వైర్లు సాల్డర్ చేసిన చిన్న లిథియం ప్యాక్ వాడండి. తొమ్మిది వోల్టుల బ్యాటరీ అయితే లోపల ఆరు సెల్‌లుంటాయి. కొన్ని బ్రాండ్లలో అవి బిళ్లల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి నొక్కి ఉంటాయి, కొన్నిట్లో సన్నటి సెల్‌లని వెల్డ్ చేసి ఉంటాయి. రెండో రకమే తీసుకోవాలి. పైన స్నాప్ కనెక్టర్‌ని జిప్ టైతో కట్టేయండి. ఇరవై డాలర్ల రోటరీ స్విచ్ పెట్టి, బ్యాటరీకి బొమ్మ కారు హోల్డర్ వాడిన రాకెట్లు చూశాను. ఏం చెప్పాలో తెలీలేదు.

పరీక్ష గురించి. ఎల్‌ఈడీ పెట్టి స్విచ్‌ని ఊపి చూశాం, ఆరలేదు అంటారు. మిల్లీసెకను ఆరితే కన్నుకి తెలీదు. ఆర్డుయినో, ఆ చిన్న ప్రోగ్రామబుల్ బోర్డు, ఉంది కదా మీ దగ్గర. 5 వోల్టుల నుంచి 1 కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా ఇంటరప్ట్ పిన్‌కి (వోల్టేజి మారగానే బోర్డు పట్టేసే పిన్), అక్కడ నుంచి స్విచ్ ద్వారా గ్రౌండ్‌కి. స్విచ్ ఆన్‌లో ఉంటే పిన్ దగ్గర సున్నా వోల్టులు. మైక్రోసెకన్లపాటు విడిపోయినా పిన్ వోల్టేజి పైకి ఎగురుతుంది, ఇంటరప్ట్ లెక్క పెడుతుంది. పారే కరెంటు 5 మిల్లీయాంప్‌లు, ఆల్టిమీటర్ తీసుకునేదానికి దగ్గరగా. ఇప్పుడు స్విచ్‌ని రాకెట్‌లో ఎలా బిగిస్తారో అలాగే ప్లైవుడ్ పలక మీద బిగించండి. ఇది ముఖ్యం. రెండు చివరలా పట్టి ఉన్న పలక మధ్యలో తనదైన ఊపు ఉంటుంది, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర కంపనాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. చేతిలో పట్టుకుని పరీక్షించిన స్విచ్ ఫలితం పలక మీది స్విచ్‌కి వర్తించదు.

తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో మూడు దిక్కుల్లోనూ కొట్టండి. వడ్రంగి దగ్గరుండే ఆర్బిటల్ శాండర్‌కి పలకని ఆనించండి, అది నిమిషానికి 12,000 ఊపులు ఊగేదైతే 200 హెర్ట్జ్ అన్నమాట. ఆపైన పడేయండి. 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడి, మూడు మిల్లీమీటర్లలో ఆగితే సగటున 100 జీలు. ఫోమ్ మీద పడి మూడు సెంటీమీటర్లలో ఆగితే పదే. ఎత్తుని ఆగిన దూరంతో భాగించడమే, పెద్ద మిషను అక్కర్లేదు. ఈ పరీక్షలన్నిటా చార్జ్ గానీ ఈ-మ్యాచ్ గానీ దగ్గర్లో ఉండకూడదు. చిన్న బల్బు పెట్టుకోండి చాలు.

ఇక మీరు అడగండి.

(ఆటోమొబైల్ షాపుల్లో దొరికే పెద్ద టాగుల్ వాడొచ్చా, అవి వాహనాల కంపనానికి చేసినవే కదా అని ఒక విద్యార్థి అడిగాడు.)

మంచి ప్రశ్న. వాహనం కంపనం తక్కువ ఫ్రీక్వెన్సీ, ఎక్కువ కాలం. మనది ఎక్కువ ఫ్రీక్వెన్సీ, తక్కువ కాలం. వాళ్ల భయం అరుగుదల, మన భయం వణుకు. పైగా అక్కడ హెడ్‌లైట్ ఒక మిల్లీసెకను ఆరితే డ్రైవర్‌కి తెలీను కూడా తెలీదు. టాగులే కావాలంటే పుల్లని పైకి లాగితే గానీ కదలని లాకింగ్ రకం ఉంటుంది, అది తీసుకుని ఆర్డుయినో పరీక్ష పెట్టు బాబూ. పాసైతే వాడు.

(రెండు స్విచ్‌లని ప్యారలల్‌గా పెడితే ఒకటి విడిపోయినా రెండోది ఉంటుంది కదా అని మరో విద్యార్థిని అడిగింది.)

కరెంటు వైపు నుంచి చూస్తే నువ్వు చెప్పింది నిజమేనమ్మా. కానీ నేల మీద ఆఫ్ చేయాల్సి వచ్చినప్పుడు? మోటార్ అంటుకోలేదు, రాకెట్‌ని ప్యాడ్ మీద నుంచి దించాలి. ఒకటి ఆఫ్ చేసి, రెండోది మర్చిపోయి, చేతుల్లో పట్టుకుని నడుస్తుంటే లోపల చార్జ్ సిద్ధంగా ఉంది. నేనైతే ఒక ఆల్టిమీటర్‌కి ఒక స్విచ్, ఒక బ్యాటరీ అంటాను. భద్రత రెట్టింపు కావాలంటే మొత్తం సెట్టునే రెట్టింపు చేయాలి. రెండు ఆల్టిమీటర్లు, రెండు బ్యాటరీలు, రెండు స్విచ్‌లు, వేరువేరు చార్జ్‌లు. రెండిటికీ ఒకే స్విచ్ పెట్టి రిడండెన్సీ (ఒకటి పోయినా ఇంకోటి ఆదుకోవడం) ఉంది అని రిపోర్టులో రాయకండి, జడ్జిలు మొదట పట్టేది అదే.

(మాగ్నెట్‌తో ఆన్ అయ్యే స్విచ్‌ల సంగతేంటి అని ప్రశ్న.)

వాటిలో పవర్ దారిలో ఉండేది మాస్‌ఫెట్, అంటే స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్. కదిలే భాగం లేదు, కాబట్టి వణుకు లేదు. మాగ్నెట్ ఊరికే సంకేతం ఇస్తుంది, సర్క్యూట్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. కంపనం కోణం నుంచి చూస్తే ఇవే అన్నిటికన్నా ముందుంటాయి. కానీ ఆఫ్‌లో కూడా బ్యాటరీకీ చార్జ్‌కీ మధ్య ఉన్నది సిలికాన్ ముక్క, అది కనపడే గాలి ఖాళీ కాదు. అందుకే భద్రతా నిబంధనలు రాసేవాళ్లు వీటి మీద వాదించుకుంటూ ఉంటారు, నాసా పోటీ అయితే మెకానికల్ అనే అంటోంది. మీరు పాల్గొనే పోటీ నిబంధనల పుస్తకం ముందు చదివి, తర్వాత కొనండి. మన దేశంలో తుపాకిమందు 1884 ఎక్స్‌ప్లోజివ్స్ చట్టం, 2008 నిబంధనల కిందకి వస్తుంది, అనుమతి లేకుండా కాలేజీలో నిలవ పెట్టకూడదని కూడా ఈ సందర్భంలోనే చెప్తున్నాను. మీ సార్‌ని అడిగి చేయండి.

(ఇవన్నీ హైదరాబాద్‌లో దొరుకుతాయా అని చివరి ప్రశ్న.)

కోఠీ గుజరాతీ గల్లీలో మైక్రోస్విచ్‌లు, రోటరీలు, నైలాన్ నట్లు అన్నీ దొరుకుతాయి. అక్కడ విడిగా అమ్మేవాటికి డేటాషీట్ ఉండదు, కాబట్టి ఒకే డబ్బాలోవి నాలుగైదు కొని ఒకటి పగలగొట్టండి, ఒకటి పరీక్షలో చావగొట్టండి, మిగిలినవి వాడండి. స్క్రూ స్విచ్‌కి మాత్రం గల్లీకి వెళ్లక్కర్లేదు. మీ ల్యాబ్‌లో రాగి బోర్డు ముక్క, ఇత్తడి నట్టు, సాల్డరింగ్ ఐరన్ ఉంటే ఇవాళ సాయంత్రానికే చేసేయొచ్చు. స్క్రూ పూర్తిగా ఊడి లోపల పడిపోకుండా చివర చిన్న వాషర్ సాల్డర్ చేయడం మర్చిపోకండి.